బళ్ళారి రంగస్థల గానము — ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి సమన్వయము

తెలుగు నాటకశాలలో నటుడు పద్యము నెత్తికొనగానే ప్రేక్షకుడు రాగమునకై చెవి యొగ్గును. పద్యము ముగిసిన పిదప సాగు ఆలాపన కొరకు ఊపిరి బిగబట్టి నిరీక్షించును. పల్లెలోని రైతు మొదలు పట్టణములోని పండితుని వరకు అందరికిని ఇది పరిచితమైన అనుభవమే. ఇంత పరిచితమగుటచేతనే ఇది అనాదిగా వచ్చుచున్న ఆచారమని పలువురు తలతురు. కాని చరిత్రను పరిశీలించిన యెడల, ఆధునికాంధ్ర నాటకమున పద్యము రాగముతో జతగూడి, దాని ప్రక్కనే జనరంజకమైన పాట చేరి, ఆ రెంటి కలయికతో ఒక క్రొత్త గానరీతి యేర్పడుట సుమారు నూటనలుబది యేండ్ల క్రిందటి మాటయే. ఆ కలయిక జరిగిన తావులలో ప్రధానమైనది బళ్ళారి. దానికి కారకులైనవారిలో అగ్రగణ్యులు ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు.

ఆచార్యులవారిని గూర్చి రెండు విరుద్ధాభిప్రాయములు చిరకాలముగా నెలకొని యున్నవి. తెలుగు నాటకమునకు గానమును చేర్చి ప్రాణము పోసిన పితామహుడని ఒక పక్షము. పాటను రంగస్థలమునకు రప్పించి నాటకమును సంగీతపు కచ్చేరీగ మార్చుటకు దారి తీసినవాడని మఱియొక పక్షము. ఈ రెండు పక్షముల వారును ఆయన చేసిన పనిని పూర్తిగ గమనింపలేదని నా అభిప్రాయము. ఆయన తెచ్చినది కేవలము పాట కాదు. శాస్త్రీయమైన రాగగానమునకును, జనులు మెచ్చిన క్రొత్త మట్లకును నాటకమునందు పొత్తు కుదుర్చుట ఆయన సాధించిన విశేషము. ఆ పొత్తులోని మితము తరువాతి కాలమున తప్పినది. తప్పిన మితమును చూపి పొత్తునే తప్పుపట్టుట న్యాయము కాదు. ఈ విషయమును నిరూపించుటయే ఈ వ్యాసమున నా ప్రయత్నము.

పూర్వరంగము

మనకు గాననాటకము క్రొత్త గాదు. తంజావూరు నాయకరాజుల కాలమున తెలుగు యక్షగానము రాజాస్థానములలో వికసించినది. విజయరాఘవ నాయకుడు స్వయముగ యక్షగానములను రచించెను. ఇంచుమించు ఆ శతాబ్దమునందే ఐరోపాలోని ఇటలీ దేశమున ఒపెరా యను గాననాటకము పుట్టి పెరిగినది. 1607లో మాంటువా నగరమున మాంటెవెర్దీ కూర్చిన ‘ఓర్ఫియో’ ప్రదర్శింపబడినది. ఒండొరుల నెఱుగని రెండు దేశములు ఒకే కాలమున కథను ఆద్యంతము పాడి చెప్పు కళను పెంపొందించుట చరిత్రలోని చిత్రములలో నొకటి. మన యక్షగానమున దరువులు, ద్విపదలు, పద్యములు, వచనములు కలిసి నడచును. కూచిపూడి భాగవతులును, పల్లెలలో వీథిభాగవతము నాడువారును ఆ సంప్రదాయమునే కాపాడుకొనుచు వచ్చిరి.

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఆంగ్లవిద్య ప్రబలిన కొలది నాటకము వేఱు త్రోవ పట్టినది. కోరాడ రామచంద్రశాస్త్రిగారు 1860 ప్రాంతమున ‘మంజరీ మధుకరీయము’ను, వావిలాల వాసుదేవశాస్త్రిగారు 1880లో ‘నందకరాజ్యము’ను రచించిరి. 1880లోనే రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారి ‘వ్యవహార ధర్మబోధిని’ ప్రదర్శింపబడినది. సంస్కృతాంగ్ల నాటకముల వలె చదువదగిన గ్రంథముగను, సంభాషణ ప్రధానమగు ప్రదర్శనముగను నాటకము రూపు దిద్దుకొనుచుండెను. ఒక వైపున అంతయు పాడెడు యక్షగానము. మఱియొక వైపున పలుకుటయే ప్రధానమైన నవీన నాటకము. చదువుకొన్నవారు మొదటిదానిని మోటుదని విడిచిరి. చదువుకొననివారికి రెండవది అందలేదు. ఈ రెండింటి నడుమ ఏర్పడిన అగాధమును పూడ్చవలసిన వారు ఎవరో యొకరు కావలసి యుండెను.

సరిహద్దు పురము

ఆ కార్యము బళ్ళారిలో జరుగుటకు తగిన కారణములు కలవు. 1800లో నైజాము ఇంగ్లీషువారికి దత్తము చేసిన మండలములలో బళ్ళారి సీమ యొకటి. నాటి బళ్ళారి జిల్లా మిక్కిలి విశాలమైనది. 1882లో దానినుండి అనంతపురము జిల్లా వేఱు చేయబడినది. తెలుగు, కన్నడము రెండును ఇంటి భాషలుగ గల పురమది. దండువలన ఉర్దూయును, పశ్చిమమున మహారాష్ట్రము సమీపమగుటచే మరాఠీయును ఇచట వినబడుచుండెను. ఒక కుటుంబమున తెలుగు మాటలాడువారు అంగడిలో కన్నడమును, కచేరిలో ఆంగ్లమును వాడుట సామాన్యమైన విషయము. 1880ల దశకమున హోసపేట, గదగు, హుబ్బళ్ళి ప్రాంతములతో రైలుమార్గము కలియుటచే, పశ్చిమమునుండి వచ్చు నాటకసమాజములకు తెలుగుదేశపు వాకిలి బళ్ళారియే యైనది.

ఆ పశ్చిమమున నాటకము గానముతో ఉప్పొంగుచుండిన కాలమది. 1843లో సాంగ్లీలో విష్ణుదాసు భావే మరాఠీ నాటకమునకు ప్రారంభోత్సవము చేసెను. బొంబాయిలో 1853 నుండి పార్సీవారి నాటకసమాజములు తలయెత్తి, లక్నో కవియగు అమానతు రచించిన ‘ఇందర్ సభా’ వంటి గేయనాటకములను ఊరూర ఆడి, హిందూస్థానీ రాగముల ఛాయలు గల తేలిక మట్లను దేశమంతట వెదజల్లిరి. 1880లో పూనాలో అన్నాసాహేబు కిర్లోస్కరు ‘సంగీత శాకుంతలము’ను ప్రదర్శించి మరాఠీ సంగీతనాటకమునకు ఆద్యుడైనాడు. కిర్లోస్కరు పుట్టినది కన్నడ మరాఠీ భాషల సరిహద్దుననున్న బెళగాము ప్రాంతమున. గాననాటకమును క్రొత్తగ మలచిన పురుషులు సరిహద్దు సీమలలో ఉదయించుట యాదృచ్ఛికము కాదు. ఒకే భాష, ఒకే బాణీ వినుచు పెరిగినవానికి తన బాణీయే సంగీతము. నాలుగు బాణీలు వినుచు పెరిగినవానికి ఏది ఎచట తగునో యెంచుకొను నేర్పు సహజముగ అలవడును.

ధార్వాడ, మహారాష్ట్ర ప్రాంతముల సమాజములు 1880 మొదలు తెలుగు పట్టణములలో ప్రదర్శనములిచ్చినవి. వాని తెరలు, వేషములు, దీపములు, పాటలు మనవారిని ఆకర్షించినవి. అవి ఆడిన భాష మనది కాదను లోటు మాత్రము అందరికిని తోచినది. ‘ఇంత సొగసును మన భాషలో చూపలేమా?’ అను ప్రశ్నకు బళ్ళారి ఇచ్చిన ఉత్తరమే ఆచార్యులవారి నాటకములు.

ఆచార్యులవారి కృషి

రామకృష్ణమాచార్యులవారు 1853లో జన్మించిరి. ధర్మవరము వారి యింటి పేరు. అది నేటి ఆంధ్రప్రదేశములోని యూరి పేరు. సంస్కృతాంధ్ర కర్ణాటాంగ్లములను అభ్యసించి, బళ్ళారిలో వకీలు వృత్తిని అవలంబించిరి. తొలుత కన్నడమున ‘స్వప్నానిరుద్ధము’ అను నాటకమును రచించిరనుట మనము మఱువరాని విషయము. తెలుగు నాటక పితామహుడని మనము కొనియాడు వ్యక్తి మొదట కలము పట్టినది పొరుగు భాషలో. తరువాత తెలుగున ‘చిత్రనళీయము’ను రచించి 1887లో బళ్ళారిలో ప్రదర్శించిరి. వారి సరసవినోదినీ సభ ఆ ప్రదర్శనములకు ఆధారమైనది. ‘విషాద సారంగధర’, ‘పాదుకాపట్టాభిషేకము’, ‘భక్త ప్రహ్లాద’, ‘ప్రమీలార్జునీయము’, ‘మోహినీ రుక్మాంగద’, ‘బృహన్నల’, ‘రోషనార శివాజీ’ మొదలుగ పెక్కు నాటకములను వారు రచించిరి. రచించుటతో తృప్తి నొందక బాహుకుడుగను, దశరథుడుగను, రాజరాజ నరేంద్రుడుగను స్వయముగ వేషములు ధరించిరి. 1912లో దివంగతులైరి.

ఇదే పురమున ఇదే కాలమున మఱియొక వకీలు, కోలాచలము శ్రీనివాసరావుగారు (1854–1919), సుమనోరమ సభ పక్షమున చారిత్రక నాటకములను రచించి ప్రదర్శింపజేసిరి. విజయనగర సామ్రాజ్య పతనమును గూర్చి వారు రచించిన ‘రామరాజు చరిత్రము’ సుప్రసిద్ధము. ఒక చిన్న పట్టణమున ఇద్దరు నాటకకర్తలు, రెండు సభలు పోటీపడి నిలుచుటచే ప్రేక్షకుల అభిరుచి పదునెక్కినది. ఇచట ఆడువారును చూచువారును అనేకులు వకీళ్ళు, ఉపాధ్యాయులు, ఉద్యోగస్థులు. కావున పాట యెంత మధురముగ నున్నను కథ నడువవలెనని కోరు ప్రేక్షకులు ఆచార్యులవారికి లభించిరి.

ఇక వారు కూర్చిన సమన్వయము ఎట్టిదో విచారింతము. సంస్కృత నాటకము నుండి ఇతివృత్తమును, రసదృష్టిని గ్రహించిరి. ఆంగ్ల నాటకము నుండి అంకములను రంగములుగ విభజించు పద్ధతిని గ్రహించిరి. దీనికి తోడు గానమును చేర్చిరి. గానమున రెండు పాయలు కలవు. మొదటిది పద్యగానము. ఉత్పలమాల, చంపకమాల, సీసము, తేటగీతి మున్నగు ఛందస్సులకు తాళము లేదు. గాయకుడు ఒక రాగమును గైకొని, గణముల నడకను బట్టియు, అర్థమును బట్టియు ఎచట ఆగవలెనో, ఎచట సాగవలెనో తానే నిర్ణయించుకొనును. రాగము కర్ణాటక సంగీత శాస్త్రమునకు చెందినది. కాలము మాత్రము మాటకు చెందినది. రెండవది పాట. దీనికి తాళము కలదు, పల్లవి కలదు, ఒకసారి విన్నవాడు మరునాడు కూనిరాగము తీయగల మట్టు కలదు. పార్సీ, మరాఠీ సమాజముల వలన జనులకు మరిగిన రుచి యిది.

ఐరోపా గాననాటకమును ఎఱిగినవారికి ఈ విభాగము సులభముగ బోధపడును. అందు కథను నడపుటకు మాటకు దగ్గరగ నుండు గానమొకటి, భావము పొంగినపుడు నిలిచి పాడు తాళబద్ధమైన గీతమొకటి యని రెండు తరగతులు కలవు. మన నాటకమున ఈ వరుస కొంత తలక్రిందైనది. కథను నడపుట వచనమునకును, హృదయము విప్పి చెప్పుట తాళములేని పద్యమునకును, ఉల్లాసము, శృంగారము, హాస్యము, భక్తి మొదలగు వానిని జనులతో పంచుకొనుట పాటకును సహజముగ అబ్బినవి. తీవ్రమైన దుఃఖమునందు మనుష్యుడు తాళము వేయడు. అప్పుడు అతని మాట సాగును, తెగును, మరల సాగును. తాళములేని పద్యగానము దుఃఖమునకు అందువలననే అంతగ అమరినది. ఇంత సున్నితమైన కార్యవిభాగము ఐరోపా నాటకమునుగాని, పార్సీ నాటకమునుగాని అనుకరించుట వలన వచ్చునది కాదు. పద్యము మన సొత్తు.

‘చిత్రనళీయము’ యొక్క కథయే ఇందుకు తగిన ఉదాహరణము. నలుడు రాజ్యమును, భార్యను, తుదకు రూపమును గూడ కోల్పోయి బాహుకుడై పరుల కొలువున సారథియగును. భారతకథ యందు, ఋతుపర్ణుని రథము కుండినపురము చేరినపుడు, ఆ రథధ్వనిని విని దమయంతి తన భర్తను తలపోయును. కంటికి కనబడినవాడు కురూపి. చెవికి వినబడినవాడు నలుడు. రూపము మాఱినను ధ్వని మాఱలేదను ఈ కథకు గానము బయటినుండి తెచ్చి తగిలించిన ఆభరణము కాదు, కథలోని జీవమే. ఆచార్యులవారు తమ ప్రఖ్యాత నాటకములలో మొదటిదానికి ఈ యితివృత్తమును ఎంచుకొని, తామే బాహుక పాత్రమును ధరించుట వారి చెవి యెట్టిదో తెలుపుచున్నది.

‘విషాద సారంగధర’ ఇంకను సాహసమైన కృతి. నాటకము మంగళాంతము కావలెనను సంప్రదాయమును అతిక్రమించి, దుఃఖముతో ముగిసిన తొలి తెలుగు నాటకములలో ఇది ముఖ్యమైనది. తండ్రి తన కుమారుని నిర్దోషి యని యెఱుగక శిక్షింపజేయుట ఇందలి కథ. పాట విని ఆనందింపవచ్చిన సభకు ఓదార్పు లేని ముగింపును చూపి, ఆ సభను నిలుపగల్గుట గానమును అదుపులో నుంచుకొనినవానికే సాధ్యము. గానము కొరకే నాటకమును వ్రాసినవాడు ఇట్టి కథ జోలికి పోడు.

చెన్నపురి యాత్ర

1891లో సరసవినోదినీ సభ చెన్నపట్టణమునకు పోయి నాటకముల నాడెను. ఆ ప్రదర్శనములను చూచినవారిలో పమ్మల్ సంబంధ ముదలియారు అను యువకుడొకడు. అంతకు పూర్వము అతనికి తమిళ నాటకమనిన ఏవగింపు. చదువుకొన్న పెద్దమనుష్యులు, వకీళ్ళు వేషములు ధరించి గౌరవముతో నాటకమాడుట చూచి అతని మనస్సు మాఱినది. ఆ సంవత్సరమే అతడు మిత్రులతో కలిసి సుగుణవిలాస సభను స్థాపించెను. తమిళ నాటకమునకు పితామహుడని పేరొందిన ఆ మహనీయుడు (1873–1964) తన రంగస్థల స్మృతులలో బళ్ళారివారి ఋణమును దాచక చెప్పుకొనెను. కన్నడమున ఆరంభమై, మరాఠీ పార్సీ బాణీలను విని, తెలుగున పండిన కళ తమిళమునకు విత్తనమైనది. ఒక సరిహద్దు పురము నాలుగు భాషలకు చేసిన యీ యుపకారమును ఏ యొక భాష చరిత్రమును పూర్తిగ చెప్పజాలదు.

మితము తప్పిన విధము

ఆచార్యులవారి తరువాత గానము నాటకమును మ్రింగినదనుట సత్యమే. దానికి కారణములు పెక్కు. మొదటిది, శబ్దవర్ధకములు లేని కాలమున వేలమందికి వినబడునట్లు పాడవలెనన్న పెద్ద శ్రుతి, గొప్ప గొంతు కావలసి యుండెను. గొప్ప గొంతు గలవాడే గొప్ప నటుడను భావము దానివలన ప్రబలినది. రెండవది హార్మోనియము. పాశ్చాత్యదేశమున పుట్టి, బొంబాయి సమాజముల వలన వ్యాపించిన ఈ వాద్యము రంగస్థలమునకు విడదీయరాని తోడైనది. కాని దాని మెట్లపై స్వరములు నిలుకడగ నుండునే గాని ఊగవు, గమకము పలుకదు. ఆకాశవాణివారు 1940లో దానిని బహిష్కరించి 1971 తరువాత కొంత సడలించుటకు ఈ లోపము గూడ నొక కారణము. హార్మోనియమునకు ఒదిగిన రాగములు, ఒదిగిన సంగతులు రంగస్థలమున నిలిచినవి. ఒదుగనివి క్రమముగ జారిపోయినవి. మూడవది వ్యాపారము. పేరొందిన గాయకనటులను వేఱువేఱుగ రప్పించి, ఒకే రాత్రి ఒకే నాటకమున ఇద్దరు ముగ్గురు కృష్ణులను నిలిపి, ఎవరి రాగము దీర్ఘమో చూడుడని టిక్కెట్లు అమ్మిన కాలము వచ్చినది. ‘వన్సుమోర్’ కేకలకు చనిపోయిన పాత్ర లేచి మరల పాడి చనిపోయెనను పరిహాసము పుట్టినది అప్పుడే.

ఈ యతికి ప్రతిక్రియయు బళ్ళారిలోనే, అందును ఆచార్యులవారి బంధువర్గమునందే పుట్టుట మిక్కిలి గమనార్హము. వారి మేనల్లుడు, వకీలు, తాడిపత్రి రాఘవాచార్యులు (1880–1946) బళ్ళారి రాఘవ యను పేర జగద్విఖ్యాతుడైనాడు. నటనమునకు ప్రాణము భావప్రకటనము గాని రాగాలాపన కాదని రాఘవ నిష్కర్షగ తెలిపెను. కోలాచలమువారి ‘రామరాజు చరిత్రము’న పఠాను రుస్తుముగ నటించి పేరొందిన ఆయన, పిమ్మట పి. వి. రాజమన్నారుగారి ‘తప్పెవరిది’ వంటి సాంఘిక వచన నాటకమునకు పట్టము గట్టెను. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టెను. మేనమామ తెచ్చిన పాటను మేనల్లుడు వెడలగొట్టెనని లోకులు చమత్కరించుట కలదు. అది అంత సరియైన మాట కాదు. రాఘవ ఎదిరించినది గానమును గాదు, కథను విడిచి పాడిన గానమును.

ఐరోపా చరిత్రమున ఇదే ఘట్టము జరిగినది. ఇటలీ ఒపెరా గాయకుల గొంతు విన్యాసములకు దాసియై కథను మఱచిన దశలో గ్లూకు అను సంగీతకర్త 1762లో వియన్నాలో ‘ఓర్ఫియో’ కథనే మరల కూర్చి, గాయకుల ఆర్భాటమును అణచెను. 1769లో ప్రకటించిన ‘ఆల్సెస్తె’ పీఠికలో, సంగీతము కవిత్వమునకు, కథకు తోడ్పడవలెనే గాని వానికి అడ్డుపడరాదను భావమును విశదపఱచెను. గ్లూకు ఒపెరాను నాశనము చేసెనని ఎవరును అనలేదు, రక్షించెననిరి. రాఘవను గూడ అట్లే తలంపవలెను. మామ గానమును నాటకమునకు చేర్చెను. అల్లుడు నాటకమును గానమునుండి విడిపించి కాపాడెను. ఇవి ఒకే పాఠములోని రెండు భాగములు.

తరువాతి ప్రస్థానము

రంగస్థలమున పుట్టిన యీ మిశ్రగానము రంగస్థలముతో ఆగలేదు. గ్రామఫోను రికార్డులు వచ్చిన పిదప నాటకపద్యములు ఇంటింట వినబడినవి. తొలి తెలుగు మాటల చిత్రము ‘భక్త ప్రహ్లాద’ సురభి నాటకసమాజముల ద్వారా ప్రచారము పొందిన ఆచార్యులవారి నాటకమును ఆధారముగ గొన్నదే. హెచ్. ఎం. రెడ్డిగారి దర్శకత్వమున నిర్మితమైన యీ చిత్రమునకు పాటలను చందాల కేశవదాసుగారు వ్రాసిరి. ఇది 1931 సెప్టెంబరు 15న విడుదలయైనదని చాలకాలము చెప్పుకొనిరి. 1932 ఫిబ్రవరి 6న విడుదలయైనట్లు తరువాతి పరిశోధనము వలన తేలినది. నేటి సినిమాపాటకు మూలపురుషులను వెదకువారు బళ్ళారి వఱకు రావలసియే యుండును. నాటకమునుండి సినిమాకు పోయిన కల్యాణము రఘురామయ్యగారు (1901–1975) పద్యమును ఈలతో గూడ పలికించి జనులను అలరించుట ఈ మిశ్రగానపు చివరి వెలుగులలో నొకటి.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రలోనికిని, తక్కినవి మైసూరు రాష్ట్రమునకును పోయినవి. బళ్ళారి తాలూకా విషయమున వివాదము చెలరేగి, మిశ్రాగారి నివేదిక పిమ్మట అదియు మైసూరునందే చేరినది. భూమికి గీత గీయవచ్చును, గానమునకు గీయుట యెట్లు? రాఘవతో గూడ నటించిన జోళదరాశి దొడ్డనగౌడరు (1910–1994) కన్నడ గమకకళకు ఆచార్యులైరి. గమకమనగా కన్నడ కావ్యమును తాళము లేక రాగముతో చదువు పద్ధతి. మన పద్యగానమునకు తోబుట్టువు. అటులనే కన్నడ రంగగీతములను చిరకాలము పాడి వన్నెకెక్కిన సుభద్రమ్మ మన్సూరు 2020లో బళ్ళారిలో కన్నుమూసిరి. పద్యమని మనమనినను, గమకమని వారనినను, రంగగీతమనినను ఇచటి వినువారి చెవి యొక్కటియే.

ఉపసంహారము

ఈ సీమలో అల్పసంఖ్యాక భాషాపాఠశాలయందు తెలుగు బోధించుచున్న నాకు ఈ చరిత్రము పుస్తకములోని విషయము మాత్రము కాదు. ఒక పద్యమును గద్యము వలె చదివి ప్రతిపదార్థము చెప్పిన దినమున పిల్లల ముఖములు కిటికీ వైపు తిరుగును. దానినే మోహనలోనో, కాంభోజిలోనో మెల్లగ విఱిచి, అర్థమునకు తగినట్లు ఆగి పాడిన దినమున, ఇంట కన్నడము మాటలాడు పిల్లవాడు గూడ మరునాడు అప్పగించును. రాగము పద్యమునకు వాహనమనుటకు ఇంతకు మించిన నిదర్శనము నాకు అక్కరలేదు.

మఱియొక అనుభవమును గూడ చెప్పవలెను. ఒకసారి వార్షికోత్సవమున ఒక బాలుడు రాయబారమునందలి కృష్ణుని పద్యమును దీర్ఘమైన ఆలాపనతో పాడెను. సభ చప్పట్లతో మార్మ్రోగినది. నేనును చప్పట్లు కొట్టితిని. మరునాడు తరగతిలో, ఆ పద్యమున కృష్ణుడు కౌరవులతో ఏమనుచున్నాడని అడిగితిని. పాడినవాడు తెల్లబోయెను. తక్కినవారును చెప్పలేకపోయిరి. తప్పు వానిది కాదు. రాగమును నేర్పి మాటను నేర్పక, చప్పట్లతో దానిని మెచ్చుకొనిన మా పెద్దలది. రాఘవ ఏల కోపించెనో ఆ దినమున నాకు బోధపడినది. మామ చెప్పిన పాఠమును మొదటి అనుభవమునందును, అల్లుడు చెప్పిన పాఠమును రెండవ దానియందును నేర్చుకొంటిని.

బళ్ళారిలో తెలుగు చదువు పిల్లలు నానాటికి తగ్గుచున్న కాలమిది. భాషను బలిమితో నిలుపలేము. వినవలెనని తోచునట్లు వినిపించి నిలుపగలము. కావున సంఘములవారికి నా విన్నపము రెండు మాటలలో కలదు. పద్యమును పాడగల వృద్ధనటులు ఈ సీమ పల్లెలలో ఉన్నంతలో, వారి బాణీలను, పద్యముతోను అర్థముతోను గూడ, ధ్వనిముద్రణ చేయించి భద్రపఱచవలెను. కన్నడ గమకులను, తెలుగు పద్యగాయకులను ఒకే వేదికపై కూర్చుండబెట్టి, ఒకరి పద్యమును మఱియొకరు వినునట్లు ఏటేట ఒక సభ జరుపవలెను. కన్నడమున మొదలిడి తెలుగున పండించిన రామకృష్ణమాచార్యులవారికి ఇంతకంటె తగిన నివాళి వేఱొండు లేదు.